లక్క కింది జిగురు

అడిగిన ప్రశ్నకు అడిగినచోటే జవాబు చెప్పడం లక్కోజు అప్పలాచారి ఇంటా వంటా లేదు. పాత రేడియోలు బాగుచేసే ఆ ముసలాయన కొట్టు సాలూరులో, లారీలకు బాడీలు కట్టే షెడ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. రెండు పక్కలా రేకుల మీద సుత్తి దెబ్బలు. ఆ మోతలోనే కూర్చుని, రేడియో పొట్టలో ఎక్కడో చీమ నడిచినట్టు వచ్చే గరగరను చెవితో పట్టుకుంటాడు. చదువు అంతంతమాత్రం. రేడియో ముఖం మీద ఉండే అంకెలూ ఊళ్ళ పేర్లూ తప్ప మరో అక్షరం జోలికి పోలేదు, పోలేదని సిగ్గూ పడలేదు. "అక్షరం వంకరగా రాస్తే చదివినోడు సర్దుకుంటాడు. టంకం వంకరగా పెడితే రేడియో సర్దుకోదు" అనేవాడు.

మనుషుల విషయంలోనూ ఆయనది అదే లెక్క. కొట్టు ఎదురుగా ఉన్న టీ బడ్డీవాడు ఒకనాడు ఆయన బల్ల మీది రేడియోను డొక్కు డబ్బా అన్నాడు. ఆనాటి నుంచి అప్పలాచారి మోకాళ్ళు పట్టుకుని రైల్వే గేటు దాకా నడిచి అక్కడ టీ తాగుతున్నాడు. మేనల్లుడు పెళ్ళిపిలుపు గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడని పెళ్ళికి వెళ్ళలేదు. ఆ మేనల్లుడికి ఇప్పుడు పెళ్ళీడు కూతురుంది. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క మనిషి చొప్పున రాలిపోగా, భార్య కూడా కాలం చేశాక, సాయంత్రం కొట్టు ముందున్న చెక్కపెట్టె మీద కూర్చునే మనిషంటూ లేకుండా పోయాడు. పని అయిపోయాక బాగుపడిన రేడియోలన్నీ ఒకటి తర్వాత ఒకటి పెట్టి వింటాడు. ఇంటికి పోవడానికి తొందరేమీ ఉండదు.

ఆయన తిట్లకు తట్టుకుని నిలిచిన శిష్యుడు ఒక్కడే, దాలినాయుడు. ముప్పై దాటిన మనిషి. సెల్‌ఫోన్లు బాగుచేసుకుంటూ, పాత రేడియోల మీద మనసు పారేసుకుని వచ్చి చేరాడు. ఒక మధ్యాహ్నం, షెడ్లవాళ్ళు భోజనాలకు లేచి సుత్తులు ఆగిన వేళ, అతను గొంతు సవరించుకున్నాడు. కిందటేడు చేనుగట్టు మీద తన అన్న నలుగురిలో తనను ఒక మాట అన్నాడట. అప్పటినుంచి తను ఆ గడప తొక్కలేదట. ఇప్పుడు వదిన కబురు చేసిందట, ఒకసారి వచ్చి పొమ్మని.

"గురువుగారూ, పడ్డ మాటని మనిషి ఎన్నాళ్ళని మొయ్యాలండీ?"

అప్పలాచారి కళ్ళజోడు మీంచి చూశాడు. "సాలూరంతా వెతికితే ఈ మాట అడగడానికి నేనే దొరికేనేట్రా? కల్లుపాకలో కూకున్నోణ్ణి పట్టుకుని ఉపాసం ఎలగుండాలీ అని అడిగినట్టుంది."

"మీకే బాగా తెలుస్తాదని…"

"ఏటీ, ఉపాసమా?"

నాయుడు నవ్వు దాచుకున్నాడు. జవాబు మాత్రం రాలేదు. అంతలో ఒకావిడ సంచీలో రేడియో తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఒకటే గరగర బాబూ. మాట వినపడట్లేదు." ఎవరిదమ్మా అంటే, "ఇంట్లోదే బాబూ" అని, ఇంకో మాటకు చోటివ్వకుండా వెళ్ళిపోయింది.

అప్పలాచారి వెనక మూత విప్పాడు. లోపలికి చూసి, చూసి, విప్పిన మరలను అరచేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. టంకం కూడా మనిషి ముఖంలాంటిదే. ఎరిగినవాడికి పేరు చెప్పనక్కర్లేదు. ఆ బోర్డు మీద మధ్యలో ఎప్పుడో మార్చిన చిన్న సామాను మీది రంగు చారలన్నీ ఒకే పక్కకు తిరిగి, బడిపిల్లల వరసలా ఉన్నాయి. అలా పెట్టడం నేర్పినవాడు హుస్సేన్ సాయిబు. నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు తను. రెండోవాడు కూర్మారావు.

"ఎవరిదండీ?" అన్నాడు నాయుడు.

"కూర్మారావుది."

నాయుడు విప్పిన మూత వైపు చూశాడు. ఆ పేరు కొట్టులో పలకకూడదని అతనికి చేరిన మొదటి రోజే తెలుసు. ఒకే గురువు దగ్గర ఒకే బల్లకు చెరో పక్క కూర్చుని పని నేర్చినవాళ్ళిద్దరూ. హుస్సేన్ సాయిబు ముసలితనంలో విజయనగరం వెళ్ళి కూతురి దగ్గర ఉంటూ అక్కడే కన్నుమూశాడు. పోయేనాటికి కూర్మారావు పక్కనే ఉన్నాడు. అప్పలాచారికి మాత్రం కబురు అందలేదు. మట్టి అయిపోయిన తర్వాత, టీ కొట్టులో ఎవడో యథాలాపంగా, "మీ సాయిబు పోయాడట గదా" అంటే తెలిసింది. గురువు సమాధిలో పిడికెడు మట్టి వెయ్యలేకపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఊరు, రెండు వీధుల దూరం. కూర్మారావుకు మెల్లగా చూపు పోయిందనీ, కొట్టు మూశాడనీ, అరుగు మీద రేడియో పక్కనే కూర్చుంటాడనీ అప్పలాచారి విన్నాడు. వినీ విననట్టు ఊరుకున్నాడు.

"మూత బిగించి పంపేయమంటారా?" అన్నాడు నాయుడు జంకుతూ.

"రేడియో నాకేటి చేసిందిరా?" అన్నాడు అప్పలాచారి. "ఆడు పేరు చెప్పొద్దని పంపించేడు. విప్పగానే నాకు తెలిసిపోతాదని ఆడికి తెలుసు. నా బల్ల మీదకొచ్చిన రేడియో పలక్కుండా తిరిగెళ్ళిందనుకో, ఆడు నవ్వుతాడు. దీపం దగ్గరకి జరుపు."

రోగం దాచుకునేది కాదు. ఆ కాలపు రేడియోల్లో బరువైన సామాను కదలకుండా బోర్డుకు జిగురు పోసి అతికించేవారు. పోసినప్పుడు అది ఆవునెయ్యిలా ఉంటుంది, బాగా పట్టుకుంటుంది, ఎవరూ తప్పు పట్టడానికి ఉండదు. ఏళ్ళు గడిచి, లోపలి వేడికి ఉడికి, తాటిబెల్లంలా నల్లబడి గట్టిపడుతుంది. అప్పుడు గాలిలో తేమ తాగి, సామానుకుండే, కలవకూడని రెండు తీగె కాళ్ళ మధ్య కరెంటును దొంగతనంగా నడిపిస్తుంది. తీగెల్ని కూడా కొరుక్కు తింటుంది. పట్టుకోడానికి పోసిందే పీక్కు తినడం మొదలెడుతుంది. బయట వినేవాడికి అదంతా ఒట్టి గరగర.

నాయుడు చాకు అందుకున్నాడు. అప్పలాచారి ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. "చాకుతో గీకితే జిగురుతోపాటు కింద రాగి గీత కూడా లేచొస్తాది. ఉల్లిపొరంత ఉండదది. ముందు వెచ్చబెట్టు. తర్వాత నానబెట్టు. అదే వదులుతాది."

దీపం వేడికి బోర్డు గోరువెచ్చనయ్యాక, స్పిరిట్‌లో ముంచిన దూదిని జిగురు మీద పెట్టి ఇద్దరూ కూర్చున్నారు. పక్క షెడ్డులో సుత్తులు మళ్ళీ మొదలయ్యాయి. తర్వాత చెక్కిన వెదురుపుల్లతో అప్పలాచారి అంచు లేపాడు. పుండు మీద పక్కు లేచినట్టు, నల్లటి పెంకు ఊడివచ్చింది. దాని కింద తీగె పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక్కొక్క చోటే నానబెట్టుకుంటూ, ఎత్తుకుంటూ, కాళ్ళ మధ్య దారి శుభ్రం చేసుకుంటూ పోయారు. కాళ్ళకు దూరంగా, ఖాళీ బోర్డు మీద పడి ఉన్న మరకలను నాయుడు కూడా తియ్యబోతే, "అదెవడికి అడ్డు?" అని వదిలేయించాడు.

స్టేషన్‌ను పట్టే తీగెచుట్ట, అదే స్టేషన్ కాయిల్, దగ్గరకు వచ్చాక నాయుడు దూది తడిపి దాని మీద పెట్టబోయాడు. అప్పలాచారి ఠక్కున మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదల్లేదు.

కాయిల్ నెత్తిన ఎర్రటి లక్క చుక్క. రేడియోను స్టేషన్‌కు సరిపెట్టాక, కాయిల్ నెత్తినుండే మర మళ్ళీ కదలకుండా హుస్సేన్ సాయిబు లక్క కరిగించి వేసి, తడివేలితో అదిమేవాడు. ఆ లక్క కూడా అప్పలాచారి ఇంటిదే. కంసాలి ఇల్లు కదా, నగల్లో నింపడానికి తెచ్చిన దాంట్లోంచి తండ్రి చూడకుండా ముక్క విరిచి గురువుకు పట్టుకెళ్ళేవాడు. ఈ చుక్క మీద ఆ వేలి గీతలు ఇంకా ఉన్నాయి. అది కూర్మారావు ఇంట్లో ఉందంటే, ఇది సాయిబుగారి సొంత రేడియోయే. ఆయన పోయాక కూర్మారావుకు వచ్చింది. అప్పలాచారి భూతద్దం పెట్టి చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. గురువుది అంటూ ఆయన దగ్గర ఒక్క వస్తువూ లేదు.

"గురువుగారూ, దాని కిందికి కూడా జిగురు దూరినట్టుందండీ."

"కనపడతంది."

"స్పిరిట్ పెడితే…"

"లక్క కూడా కరిగిపోతాది. స్పిరిట్‌కి ఏది జిగురో ఏది ముద్రో తెలీదు."

ఉంచితే గరగర ఉంటుంది, ఇవాళ కాకపోతే రేపు కాయిల్ తీగె తెగి రేడియో మూగదవుతుంది. తీస్తే ముద్ర పోతుంది. ఇలాంటి చోట ఆ గురువు నేర్పిన కట్టు ఒకటుంది. పరాయివాడి వస్తువులో పాత గుర్తు చెరపాల్సి వస్తే, చెరిపే ముందు ఆ మనిషిని అడగాలి. బాగుచేసేవాడికి చెయ్యి మీదే హక్కు, గుర్తు మీద లేదు. అప్పలాచారి ఆ కట్టు ఏనాడూ తప్పలేదు. తప్పినవాళ్ళను తిట్టాడు కూడా.

"నేనెళ్ళి అడిగొచ్చేస్తానండీ. రెండు వీధులే గదా" అన్నాడు నాయుడు, గురువుకు దారి ఇస్తున్నట్టు.

"ఎళ్ళు" అన్నాడు అప్పలాచారి. నాయుడు చెప్పులేసుకుని షెడ్డు మలుపు దాకా పోయాడు. వెనకనుంచి కేక వినపడింది. "ఆగు! ఒకళ్ళ చేత పంపిన కబురు చేరతాదని నాకు నమ్మకం లేదు." విప్పిన రేడియోను అలాగే గుడ్డలో చుట్టి, స్పిరిట్ సీసా, టంకం సామాను, లక్క ముక్క సంచీలో వేసి, శిష్యుడి భుజాన పెట్టి, తనే ముందు నడిచాడు. ఆ రెండు వీధులకూ చాలాసేపు పట్టింది. మోకాళ్ళ నొప్పి అని చెప్పుకున్నాడు.

కూర్మారావు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్న బల్ల మీద రేడియో ఉండే చోటు ఖాళీగా ఉంది. అయినా ఆయన తల అటే వంగి ఉంది. అది చూసి అప్పలాచారి మెట్టు దగ్గరే ఆగాడు. సాయంత్రం తన కొట్టులో తను కూర్చునేది సరిగ్గా అలాగే. బయటినుంచి అది ఎలా ఉంటుందో ఇంతకు ముందు చూడలేదు.

"ఎవరది?" అన్నాడు కూర్మారావు. "స్పిరిట్ వాసనొస్తంది."

"రేడియో తెచ్చేను."

కూర్మారావు చేతులు కుర్చీ పట్టెల మీద బిగుసుకున్నాయి. "బాగయిందా?" అన్నాడు.

"అవలేదు. అడగడానికొచ్చేను. స్టేషన్ కాయిల్ మీద సాయిబుగారి ముద్ర ఉంది. దాని కింద జిగురు పాకింది. తియ్యాలంటే ముద్ర పోతాది. నీ వస్తువు, నువ్వు చెప్పు."

కూర్మారావు చెయ్యి చాచాడు. అప్పలాచారి ఆ చేతిని పట్టుకోకుండా, బోర్డునే దాని కిందకు జరిపాడు. గుడ్డివాడి వేలు వెతుక్కుంటూ వెళ్ళి లక్క చుక్క మీద ఆగింది. "కళ్ళున్నన్నాళ్ళూ అప్పుడప్పుడు మూత తీసి చూసేవాణ్ణి" అన్నాడు. "ఆయనది పెద్ద వేలు. నా వేలు సరిపోదు. నువ్వూ పెట్టి చూడు."

అప్పలాచారి చూపుడువేలు ఆ గుంటలో పెట్టాడు. వెంటనే తీసేశాడు.

"కబురు పంపేను రా నీకు" అన్నాడు కూర్మారావు, ఎదురుగా గోడకేసి.

"అందలేదు."

"సాలూరు లారీ వస్తంటే ఆపి, క్లీనర్‌కి చెప్పి పంపేను. అప్పలాచారి కొట్టు అంటే ఎవడైనా చూపిస్తాడన్నాను."

"ఏ లారీ?"

"ఇన్నేళ్ళకి ఏ లారీ అంటే ఎలగ చెప్తాను?"

"పంపలేదు."

"పంపేను."

"పంపుంటే నేను రానా?"

"నువ్వు రాకపోతే నేనేటనుకోవాలి? ఎదురుచూడమని ఆయన కూతురోళ్ళని బతిమాలేను. పొద్దు వాలిపోతందని ఎత్తేసేరు."

ఆ మాట అప్పలాచారి అంతవరకు వినలేదు. నాయుడు సంచీ పట్టుకుని మెట్టు మీద బిగుసుకుపోయి నిలబడ్డాడు. లోపల, రేడియో తెచ్చిన ఆవిడే, కూర్మారావు కోడలు, గిన్నెలు కడగడం ఆపేసింది. కూర్మారావే మళ్ళీ నోరు తెరిచాడు. "తీసెయ్యి. పొద్దస్తమానూ ఆ గరగరతో చచ్చిపోతన్నాను. ఒక్క మాటైనా తిన్నగా వినపడనియ్యి."

అప్పలాచారి దూది తడిపి లక్క మీద పెట్టాడు. ఎర్రటి నీరు దూదిలోకి ఎక్కింది. దాని కింద నల్లటి జిగురు, ఆ జిగురు కింద సగం తినేసిన తీగె. పుల్లతో ఎత్తి, తుడిచి, తీగె కొసను కొత్తగా టంకం పెట్టి, సెల్లులు వేశాడు. గరగర పోయింది. కానీ మర కదిలిపోయింది కనక స్టేషన్ కూడా లేదు. ఒట్టి గాలి చప్పుడు. ఇనుము దగ్గరకొస్తే కాయిల్ తప్పు చెబుతుందని, వెదురుతో చెక్కుకున్న మరతిప్పు తీసి, కాయిల్ నెత్తిన పెట్టాడు. ఆ వీధిలో ఏదో ట్రాక్టరు పోతోంది, ఆయనకు సన్నటి తేడా అందడం లేదు. సుత్తుల మధ్య అంతకాలం కూర్చున్న చెవి, ఎవరితోనూ ఒప్పుకోకపోయినా, కొంత మొద్దుబారింది.

"ముందుకి" అన్నాడు కూర్మారావు కళ్ళు మూసుకుని. మూసుకోకపోయినా ఒకటే.

అప్పలాచారి తిప్పాడు.

"ఇంకొంచెం. ఎక్కువైంది. ఎనక్కి రా. ఎనక్కి… ఎంట్రుకంత. నీకు మొదట్నుంచీ తొందరే."

"నీకు మొదట్నుంచీ నసే."

"ఆగు. అక్కడే ఆగు."

గాలి చప్పుడు విడిపోయి, మధ్యలోంచి మనిషి గొంతు నిలబడింది. వరి నారుమడికి తెగులు పడితే ఏ మందు కొట్టాలో ఎవరో రైతుకు చెబుతున్నాడు. అక్కడున్నవాళ్ళలో ఎవరికీ నారుమడి లేదు. ముగ్గురూ చివరిదాకా విన్నారు. కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి, అది అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

మర కదలకుండా అప్పలాచారి కొత్త లక్క కరిగించి చుక్క వేశాడు. నాయుడు చూస్తూనే ఉన్నాడు, వేలు తడుపుకుంటాడేమో అని. తడుపుకోలేదు. నోటితో ఊది చల్లార్చాడు. చుక్క నున్నగా గట్టిపడింది.

"ముద్రేసేవా?" అని అడిగాడు కూర్మారావు.

"లేదు."

"మంచిది."

మూత బిగించి, రేడియోను దాని చోట పెట్టి, అప్పలాచారి లేచాడు. పోయొస్తానని అనలేదు. ఉండమని కూర్మారావూ అనలేదు. దారి పొడుగునా నాయుడు రెండడుగులు వెనకే నడిచాడు. షెడ్లలో వెల్డింగు మెరుపులు తప్ప వీధిలో ఏమీ లేదు. కొట్టు దాకా వచ్చాక ఇక ఆగలేకపోయాడు.

"గురువుగారూ, ఇంతకీ కూర్మారావుగారు ఆ కబురు పంపేరంటారా, లేదంటారా?"

"పంపలేదు" అన్నాడు అప్పలాచారి. సంచీలోంచి సామాను ఒక్కొక్కటే తీసి దేని చోట దాన్ని పెట్టాడు. వెదురు మరతిప్పును మాత్రం జేబులో వేసుకున్నాడు. "రేపు కొట్టు నువ్వు తియ్యి. నాకు ఆలీసం అవుతాది. ఆడు పొద్దున్నే వార్తలు వింటాడు."